ఓవెన్ బ్రాయిలర్ కింద బీఫ్ పెడుతున్నారా? ట్రే చిల్లులు మూయకండి

మాంసం కాలుస్తుండగా ఓవెన్‌లో మంటలు లేచాయన్న కబురు మళ్ళీ వినబడింది. చేతులు కడుక్కోవడం, కత్తి జాగ్రత్త అందరికీ తెలిసినవే. కొంపకు నిప్పు తెచ్చే తప్పు వేరే ఉంది: తోముకునే పని తగ్గుతుందని బ్రాయిలర్ (ఓవెన్‌లో పైనుంచి నేరుగా వేడి కొట్టే భాగం) ట్రే పైపళ్ళేన్ని ఫాయిల్‌తో చుట్టేయడం.

ఆ ట్రే రెండు అరలుగా ఉంటుంది. పైది చిల్లులది, కిందది లోతుది. వేడి నెత్తిమీంచి వస్తుంది కాబట్టి, కరిగిన కొవ్వు చిల్లుల్లోంచి జారి కింద మరుగున పడాలి. చిల్లులు మూశారా, ఆ కొవ్వూ మసాలా నూనే కలిసి మంటకు కొద్ది అంగుళాల దూరంలో మడుగు కడతాయి. ముందు పొగ, ఆ వెంటనే మంట. ఫాయిల్ కావాలంటే కింది ట్రేలో పరచండి. పైన వేయక తప్పదంటే ప్రతి చిల్లు దగ్గరా కోసి తెరవండి.

ఇక ఊరబెట్టడం. చవక ముక్కల్లో పలుచగా, పొడుగు పీచుతో ఉండే ఫ్లాంక్, స్కర్ట్ (రెండూ పొట్ట వైపు ముక్కలు) ఈ పద్ధతికి నప్పుతాయి. కండరాల మధ్య బంధనాలు ఎక్కువున్న కాలి మాంసం ఇంత తక్కువసేపట్లో మెత్తబడదు, దాన్ని కూరకు ఉంచండి. ముప్పావు కిలోకు 3 టేబుల్‌స్పూన్ల సోయా సాస్, 2 నిమ్మరసం, 2 నూనె, నలిపిన వెల్లుల్లి చాలు. నూనె అంతకు మించనివ్వకండి, మిగిలినదంతా ట్రేలోకే చేరుతుంది. ఫ్రిజ్‌లో 4 నుంచి 12 గంటలు. పులుపు లోపలికి కొద్ది మిల్లీమీటర్లే దిగుతుంది. రెండు రోజులుంచినా నడిమి భాగం మెత్తబడదు, పైభాగం మాత్రం పిండిపిండిగా అవుతుంది. పచ్చి బొప్పాయి, అనాస కలిపితే గంట దాటనివ్వకండి.

గాజు లేదా స్టీలు గిన్నె వాడండి. అల్యూమినియం పులుపుతో కలుస్తుంది.

గట్టుమీద ఊరబెట్టకండి. 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి.

పచ్చి మాంసం ఊరిన రసాన్ని వండిన ముక్కల మీద పోయకండి. సాస్‌గా కావాలంటే ముందే కొంత విడిగా తీసిపెట్టుకోండి.

కాల్చేముందు ముక్కను పేపర్ టవల్‌తో పొడిగా అద్దండి. తడి ఉంటే రంగు రాదు, నూనె ఉంటే భగ్గుమంటుంది.

పంచదార, తేనె చివరి నిమిషంలోనే.

గాజు పాత్ర బ్రాయిలర్ కింద పెట్టకండి, పగులుతుంది. బటర్ పేపర్ వద్దు, అంటుకుంటుంది.

రెండున్నర సెంటీమీటర్ల మందం ముక్కకు వేడి నుంచి 8–10 సెంటీమీటర్ల దూరం, ఒక్కో వైపు 4–6 నిమిషాలు. ఈ పది నిమిషాలూ వంటింట్లోంచి కదలకండి. ఫోన్ వచ్చినా సరే.

థర్మామీటర్ పక్కనుంచి మధ్యకు గుచ్చండి. 63 డిగ్రీలు వచ్చాక తీసి కనీసం 3 నిమిషాలు ఆపండి. తర్వాత పీచుకు అడ్డంగా, పలుచగా కోయండి. పొడుగునా కోస్తే ఊరబెట్టిన శ్రమంతా వృథా.

పాత కొవ్వు గడ్డకట్టిన ట్రే మళ్ళీ లోపల పెట్టకండి.

చిల్లులు మూయకండి. అతిథులొస్తున్నారని, తోమే ఓపిక లేదని, ఈ ఒక్కసారికేనని మూయకండి.

మంట లేస్తే తలుపు తెరవకండి, గాలి తగిలితే ఎగదన్నుతుంది. ఓవెన్ కట్టేయండి. నీళ్ళు పోయకండి, కాగిన కొవ్వు ఎగిరి మీదపడుతుంది. ట్రేను బయటికి లాగకండి. తలుపు మూసి ఉన్నా ఆరకపోతే ఇంట్లో వాళ్ళందరినీ బయటికి పంపి, మీరూ బయటికొచ్చి ఫైరింజన్‌కు ఫోన్ చేయండి.