చైత్రంలో చిన్నపిల్లలున్న ఇల్లు: ఎండను బట్టి వేళలు మార్చుకోవడం ఎలా

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలంటారు. అక్కడినుంచి ఉగాది దాకా ఉన్న నెల రోజులు పెద్దవాళ్ళకు ఇట్టే గడిచిపోతాయి. మూడు నాలుగేళ్ళ పిల్లలున్న ఇంట్లో మాత్రం నిద్ర, ఆకలి, ఆట అన్నీ ఒక్కసారిగా గాడి తప్పేది సరిగ్గా ఆ రోజుల్లోనే. రాత్రి తొమ్మిదింటికి పడుకునే బిడ్డ పదిన్నరయినా పడుకోదు. అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది. సాయంత్రమయ్యేసరికి అయినదానికీ కానిదానికీ ఏడుపే. దీన్ని మొండితనమనుకుని కసురుకోవడం చాలా ఇళ్ళలో చూశాను, మొదట్లో నేనూ కసురుకున్నాను. కాలం మారినా ఇంట్లో వేళలు ఇంకా చలికాలానివే కావడమే చాలావరకు దీనికి కారణమని తర్వాత తెలిసింది. పుష్యమాఘాల్లో నీరెండ తగలాలని పిల్లలను తొమ్మిదిన్నర, పదింటికి బయటికి తీసుకువెళ్ళడం అలవాటు చేసుకున్న మనం మార్చి వచ్చాక కూడా అదే వేళకు తీసుకువెళుతుంటాం. ఆ వేళకు ఎండ చురుక్కుమంటుంది. బిడ్డ అరగంటలో సొమ్మసిల్లి ఇంటికి వచ్చి వేళగాని వేళ నిద్రపోతుంది, ఆ నిద్ర రాత్రి నిద్రను చెడగొడుతుంది.

కాబట్టి మొదట చేయవలసిన పని రోజును ముందుకు జరపడం. ఒక్కరోజులో జరపబోతే ఇల్లంతా ఇబ్బంది పడుతుంది. ఏడున్నరకు లేచే బిడ్డను రెండు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుగా లేపుతూ వస్తే పన్నెండు రోజుల్లో ఆరింటికి లేవడం అలవాటవుతుంది. లేపడమంటే పిలిచి కుదిపి లేపడం కాదు, కిటికీ తలుపు తీసి వెలుతురు రానిస్తే చాలు. మూడు నాలుగేళ్ళ పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా, మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా పడుకుంటే పదిన్నర గంటలవుతాయి. అంతకన్నా ఎక్కువ నిద్ర కావలసిన బిడ్డయితే రాత్రి ఎనిమిదింటికే పక్క వేయాలి. మధ్యాహ్నపు నిద్రను మూడున్నర దాటనివ్వకపోవడం ముఖ్యం. దాటితే రాత్రి పదకొండైనా కళ్ళు మూతపడవు.

ఇంట్లో బడికి వెళ్ళే పెద్దపిల్లలు కూడా ఉంటే ఇంకో చిక్కు ఉంది. మార్చి మధ్యనుంచి తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒంటిపూట బడులు మొదలవుతాయి, పన్నెండున్నరకు బడి వదులుతారు. సరిగ్గా చిన్నది నిద్రకు జారుకునే వేళకు పెద్దవాడు సంచీ విసిరేసి కేకలు పెడుతూ లోపలికి వస్తాడు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒంటిగంటకు కలిపి అన్నం పెట్టి, ఒకే గదిలో ఒకే చాప మీద పడుకోబెట్టడం కన్నా మంచి దారి నాకు కనబడలేదు. ఆ గదికి పడమటి కిటికీ ఉంటే పది నుంచి అయిదు దాకా మూసి పరదా వేసి ఉంచి, పొద్దుగూకాక అన్ని కిటికీలూ బార్లా తెరవాలి. వట్టివేళ్ళ తడికలు దొరికితే సరే, లేకపోతే పాత నూలు దుప్పటి తడిపి కిటికీకి కట్టినా గాలి చల్లబడుతుంది.

పొద్దుటి రెండు గంటలు

ఆరుంబావు నుంచి ఎనిమిది దాకా ఉన్న సమయం ఈ రుతువులో పిల్లలకు దొరికే పెన్నిధి. ఈ వయసు పిల్లలు రోజుకు మూడు గంటలు కదులుతూ ఆడాలి. అందులో సగానికి పైగా ఎండ ముదరకముందే అయిపోవాలి. దీనికి పార్కు అవసరం లేదు. వీధిలో ఒక చెట్టును ఎంచుకుని రోజూ దాని దగ్గరికి వెళ్ళండి. రావిచెట్టయితే మరీ మంచిది: ఎర్రని రాగిరంగు చిగురు కొద్ది రోజుల్లో లేతాకుపచ్చకు తిరుగుతుంది, రోజూ చూసే బిడ్డ ఆ మార్పును తానే పట్టుకుంటుంది. కానుగచెట్టు కింద తెల్లారేసరికి పూలు పరుచుకుని ఉంటాయి. మా వరంగల్ వైపు ఊరు దాటితే మోదుగులు విరగబూసి ఉంటాయి; మోదుగుపువ్వు చిలకముక్కులా ఉంటుందని ఒక్కసారి చూపిస్తే ఇక మరిచిపోరు. రాలిన మోదుగుపూలను ఏరి తెచ్చి వేడినీళ్ళలో రాత్రంతా నానబెడితే పొద్దునకు నారింజ రంగు నీళ్ళు తయారవుతాయి, హోలీకి చిన్నపిల్లల చేతికి ఇవ్వదగిన రంగు అదే.

కోయిల కూసినప్పుడు పిల్లలు తప్పకుండా ఎదురు కూస్తారు. అది కూడా రెచ్చిపోయి మళ్ళీ కూస్తుంది. ఆ ఆటను తొందరపెట్టి ఆపకండి. కూసే నల్లని పక్షి మగదని, ఆడకోయిల గోధుమరంగు ఒంటిమీద తెల్లచుక్కలతో ఉంటుందని, గుడ్లు కాకిగూట్లో పెడుతుందని కథలా చెబితే మూడేళ్ళ బిడ్డకు కూడా అర్థమవుతుంది.

సాయంత్రం అయిదున్నరకు ముందు బయటికి పంపకండి. పోయిన ఏప్రిల్‌లో నేను నాలుగున్నరకే మా అమ్మాయిని పార్కుకు తీసుకువెళ్ళాను. గాలి చల్లగానే ఉందనిపించింది. పిల్ల ఇనుప జారుడుబల్ల మీద కూర్చోగానే కెవ్వుమంది. గౌను కింద తొడల వెనక చర్మం ఎర్రగా కమిలిపోయింది. గాలి చల్లబడినంత తొందరగా ఇనుము చల్లబడదు. ఆనాటినుంచి జారుడుబల్ల గానీ, ఎండలో పెట్టిన స్కూటరు సీటు గానీ, డాబా మీది గచ్చు గానీ, నా అరచేతి వెనక భాగాన్ని అయిదు లెక్కపెట్టేదాకా ఆనించి చూశాకే పిల్లను వదులుతున్నాను. కమిలితే కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, వెన్న ఏవీ పూయకూడదు. బొబ్బలెక్కితే డాక్టరుకు చూపించాలి. ఆపి ఉంచిన కారులో పిల్లలను ఒక్క నిమిషం కూడా వదలకూడదు. అద్దాలు కాస్త దించి ఉంచినా లోపలి వేడి నిమిషాల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది.

ఉగాది పచ్చడిలో బిడ్డకు పని ఇవ్వడం

పండుగ రోజున పిల్లలను వంటింట్లోంచి బయటికి తరమడం మనకు అలవాటు. ఉగాది పచ్చడికి పొయ్యి అక్కరలేదు, కత్తి పని ఒక్క మామిడికాయ దగ్గరే. మూడేళ్ళ బిడ్డ పూర్తిగా పాలుపంచుకోగలిగిన పండుగ వంట నాకు తెలిసి ఇంకొకటి లేదు. ఉగాది 2025లో మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19న వచ్చింది. పండుగ ముందుగా వచ్చిన ఏడాది వేపపువ్వు కోసం కాస్త వెతుక్కోవాలి కాబట్టి వారం ముందునుంచే పొద్దుటి నడకలో ఏ వేపచెట్టు పూతకొచ్చిందో చూసిపెట్టుకోవడం బిడ్డకు అప్పగించండి.

ముందురోజు పొద్దున ఒక పాత పంచెను కొమ్మ కింద పరిచి కొమ్మను మెల్లగా ఊపితే పువ్వు జలజల రాలుతుంది. ఇంటికి తెచ్చి ఒక గంట నీడలో ఆరబెట్టాలి. తర్వాత బిడ్డ రెండు అరచేతుల మధ్య కాస్త పువ్వు పోసి, చలికి చేతులు రుద్దుకున్నట్టు మెల్లగా రుద్దమని చెప్పండి. రెక్కలు విడిపోయి, కాడలు, పచ్చని పిందెలు వేరవుతాయి. చాటలో పోసి మీరు చెరుగుతుంటే తేలికైన రెక్కలు ముందుకు ఎగిరి ఒకచోట చేరతాయి. మా అమ్మాయి చాట అంచు దగ్గర ముక్కు ఆనించి కూర్చుని, ఒక పువ్వును విడిగా తీసి "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు" అని రెక్కలు లెక్కపెట్టి, ఇంకో పువ్వు తీసి మళ్ళీ లెక్కపెట్టి, "అన్నిటికీ అయిదేనా అమ్మా?" అని అడిగింది. అవునని చెప్పినా నమ్మక పదకొండు పూలు లెక్కపెట్టింది. అంత పని అయ్యేదాకా ఆగడానికి అరగంట పట్టింది. ఆ అరగంట ముందే లెక్కలో వేసుకోండి.

నలుగురికి సరిపడా పచ్చడికి చిన్న నిమ్మకాయంత కొత్త చింతపండును రెండు గ్లాసుల నీళ్ళలో నానబెట్టి బిడ్డతో పిసికించండి. గింజ, పీచు తీయడం వాళ్ళకు ఎంతో ఇష్టమైన పని. అరకప్పు కొత్తబెల్లం తురుము, పావుకప్పు సన్నగా తరిగిన మామిడికాయ ముక్కలు, చిటికెడు ఉప్పు, చెంచాడు వేపరెక్కలు కలపాలి. కారానికి పచ్చిమిరపకాయ వేసే ఇళ్ళలో ఆ పని పెద్దవాళ్ళే చేసి చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పిల్లల చేయి తగిలితే అది కంట్లోకే వెళుతుంది. మేము చివర్లో మిరియాలపొడి వేస్తాం. రుచి చూపించేటప్పుడు గ్లాసుడు తాగించాలని పట్టుబట్టవద్దు. వేలి కొసన అద్ది నాలుక మీద రాస్తే చాలు. ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి, మరుసటేడు తనే అడుగుతుంది. ఒక్క జాగ్రత్త: పువ్వు మంచిదని వేపనూనెను కూడా పసివాళ్ళకు లోపలికి పట్టే అలవాటు అక్కడక్కడా ఉంది. అది చిన్నపిల్లలకు విషమవుతుంది, ఎట్టి పరిస్థితిలోనూ పట్టకూడదు.

తిండి, నీళ్ళు

ఎండ మొదలవగానే పిల్లలకు అన్నం మీద మనసు తగ్గుతుంది. దీనికి బెంగపడి వెంటపడి తినిపించకండి. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం పప్పు, పెరుగన్నం, సాయంత్రం పండు, రాత్రి త్వరగా మెత్తని అన్నం సరిపోతాయి. చింతచిగురు వచ్చే రోజులివి. చింతచిగురు పప్పు పుల్లపుల్లగా ఉంటుంది కాబట్టి అన్నం వద్దనే పిల్లలు కూడా నాలుగు ముద్దలు తింటారు. శ్రీరామనవమి పానకం, వడపప్పు సంబరంగా పెట్టండి. అయితే బెల్లం నీళ్ళను రోజువారీ దాహానికి అలవాటు చేయవద్దు, దాహానికి నీళ్ళు, పలచని మజ్జిగ చాలు.

ఆటలో ఉన్న బిడ్డ దాహమని చెప్పదు. గంటకొకసారి చిన్న గ్లాసుతో మీరే అందించాలి. ఎన్ని నీళ్ళు తాగిందని కొలిచేకన్నా మూత్రం రంగు చూడడం సులువు: ముదురు పసుపుగా ఉంటే, లేదా ఆరు గంటలుగా పోయకపోతే నీళ్ళు చాలలేదని అర్థం. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్ళలోనే, మొత్తం ఒకేసారి కలపాలి. లీటరు పొట్లాన్ని కొంచెం కొంచెం గ్లాసులో వేసుకుంటే ఉప్పు పాళ్ళు తప్పుతాయి. పొట్లం లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, చెంచా అంచుకు సమానంగా కొలిచి కలపవచ్చు.

ఆరు నెలలు నిండని పసిబిడ్డ ఇంట్లో ఉంటే ఈ రోజుల్లో ఒక వాదన తప్పదు. "గుక్కెడు నీళ్ళు పట్టమ్మా, నాలుక పిడచకట్టుకుపోతుంది" అని మా అత్తగారు అన్నప్పుడు, "పాలలోనే నీళ్ళున్నాయి అత్తయ్యా, ఇంకోసారి పాలిస్తాను" అన్నాను. అది నిజం కూడా. తల్లిపాలు తాగే బిడ్డకు ఎంత ఎండల్లోనైనా ఆరు నెలల దాకా విడిగా నీళ్ళు అక్కరలేదు, పాలు ఎక్కువసార్లు ఇస్తే చాలు.

ద్రాక్షపండును అయిదేళ్ళలోపు పిల్లలకు గుండ్రంగా ఇవ్వకూడదు. నిలువునా నాలుగు ముక్కలు చేయాలి, లేకపోతే గొంతుకు అడ్డం పడుతుంది. పుచ్చకాయ గింజలు తీసి పెట్టండి. ఏప్రిల్‌లో వచ్చే తాటిముంజలు లేతవైతేనే పెట్టండి, ముదురు ముంజ కడుపునొప్పి తెస్తుంది.

స్నానం, చర్మం, జ్వరం

చలికాలంలో ఒంటికి పట్టించిన నూనె మర్దనను మార్చినుంచి తగ్గించుకోవాలి. నూనె ఒంటిమీద నిలిచి చెమట దారులు మూసుకుపోతే మెడ మడతల్లో, వీపున చెమటకాయలు లేస్తాయి. రెండు పూటలా గోరువెచ్చని, లేదా మామూలు నీళ్ళతో స్నానం చేయించి, మడతల్లో తడి లేకుండా మెత్తగా అద్ది, వదులైన నూలుబట్టలు వేస్తే అవి వాటంతటవే తగ్గుతాయి. పౌడరు దట్టించడం వల్ల ఉపయోగం లేదు, పైగా పిల్లలు ఆ పొడిని పీలుస్తారు.

నీళ్ళాట ఆడించండి, పక్కనే కూర్చుని ఆడించండి. తలుపు చప్పుడయిందని, ఫోను మోగిందని లేచి వెళ్ళకండి. జానెడు లోతు నీళ్ళున్న తొట్టి కూడా ఏడాదిన్నర బిడ్డకు ప్రాణాంతకం. ఆట అయిన వెంటనే తొట్టి బోర్లించాలి. కూలరు బయటికి తీసే రోజులు కూడా ఇవే కాబట్టి దాని నీళ్ళను వారానికొకసారి పూర్తిగా పారబోసి తొట్టి తోమి ఆరబెట్టాలి, డెంగీ దోమ గుడ్డు దోమగా మారడానికి అటూ ఇటుగా వారం నుంచి పది రోజులు పడుతుంది.

జ్వరంతో పాటు ఒంటిమీద నీటిపొక్కులు కనబడితే ఆటలమ్మ కావచ్చు. వేపమండలు పక్కన పెట్టడంలో, ఇల్లు శుచిగా ఉంచడంలో అభ్యంతరమేమీ లేదు, అయితే డాక్టరుకు చూపించడం మానకూడదు. పొక్కులన్నీ ఎండి పక్కుకట్టేదాకా బిడ్డను బడికి గానీ పెళ్ళిళ్ళకు గానీ తీసుకువెళ్ళకూడదు, గర్భిణుల దగ్గరికి అసలే పోనివ్వకూడదు. ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఆటలమ్మ టీకా ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో లేదు, కాబట్టి బిడ్డకు వేయించారో లేదో మీ టీకా కార్డు తీసి ఇప్పుడే చూసుకోండి.

ఏప్రిల్ నెల సగం గడిచేసరికి ఎండ ఇంకా ముదురుతుంది. అప్పుడు పొద్దుటి ఆటను ఎనిమిదికి బదులు ఏడున్నరకే ముగించి, సాయంత్రపు ఆటను ఆరు తర్వాతకు జరపాలి. ఇంటికి వచ్చేముందు ప్రహరీగోడ మీది మట్టిమూకుడులో పిట్టలకు నీళ్ళు పోయడం బిడ్డ పనిగా పెట్టండి. మా అమ్మాయికి ఆ పని అయ్యిందంటే ఆట ముగిసిందని అర్థం. చెంబు ఖాళీ చేసి తనే ముందు నడిచి లోపలికి వస్తుంది.