బాల నేరాల లెక్క ఎలా చదవాలి

నల్లగొండలో లీగల్ ఎయిడ్ వాలంటీర్‌ని. 'పిల్లల నేరాలు పెరిగిపోయాయి' అని వాట్సాప్‌లో ఏదొచ్చినా నాకే పంపుతారు. నేను చూసే పద్ధతి ఇది.

ముందు కేసులు వేరు, పిల్లలు వేరు. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కలో 2022లో దేశం మొత్తం కేసులు 30,555, పట్టుబడిన పిల్లలు 37,780. దేవరకొండ సంతలో ముగ్గురు కలిసి ఒక ఫోన్ కొట్టేస్తే కేసు ఒకటే కదా! ఆ పిల్లల్లో దాదాపు 79 శాతం 16 నిండి 18 నిండనివాళ్లు. 'చిన్నపిల్లలు' అని రాసినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

తర్వాత రేటు, అంటే లక్షమంది పిల్లలకు ఎన్ని కేసులని. 2022లో అది 6.9. నల్లగొండనూ హైదరాబాద్‌నూ ఉత్త అంకెలతో పోల్చితే వచ్చేది గొడవే.

అసలు చిక్కు నమోదు దగ్గర. జువెనైల్ జస్టిస్ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల ప్రకారం ఘోరమైన నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప పిల్లలపై ఎఫ్ఐఆర్ కట్టకూడదు. మిగతావి స్టేషన్ రోజువారీ పుస్తకమైన జనరల్ డైరీలో రాసి, సామాజిక నేపథ్య నివేదికతో పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. కాబట్టి ఎఫ్ఐఆర్‌లు మాత్రమే లెక్కేసిన వార్తను నేను సగమే నమ్ముతాను. పైగా అవి ఆరోపణలే, బోర్డు తేల్చినవి కావు.

ఇక మెసేజ్‌లో పిల్లాడి పేరో, ఫొటోనో, బడి పేరో ఉంటే ఫార్వర్డ్ చేయకండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద అది నేరం.