పచ్చ జొన్నలో దిగుబడి పెంచే మొక్కలను ఎంచుకునే పద్ధతి

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల ఎర్ర చెల్కల్లో వానకాలం వేసే పచ్చ జొన్నకు ఇంటి విత్తనమే వాడుకునే రైతులు ఇప్పటికీ ఉన్నారు. కోత అయ్యాక కల్లంలో అన్నింటికన్నా పెద్ద కంకులు ఏరి, వాటి గింజను మరుసటి ఏటికి దాచుకోవడం ఆనవాయితీ. ఇలా ఏళ్ళ తరబడి ఏరినా దిగుబడి పెరగకపోవడానికి కారణం ఆ ఏరే తీరులోనే ఉంది. కంకి ఎందుకు పెద్దదైందో కల్లంలో తెలియదు. వేసవిలో పెంటకుప్ప పోసి ఉంచిన చోట మొలిచిందా, పక్క మొక్కలు చచ్చిపోయి నీరు, ఎండ, ఎరువు మొత్తం దానికే దక్కాయా, లేక దాని వంశంలోనే ఆ గుణం ఉందా అన్నది చేలో నిలబడి ఉన్న మొక్కను చూస్తేనే తేలుతుంది. మొదటి రెండు కారణాల వల్ల పెద్దదైన కంకి గింజలు విత్తితే తిరిగి మామూలు కంకులే వస్తాయి. డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్సెన్ 1903లో బీన్స్ గింజలతో చేసిన ప్రయోగాలలో ఈ సంగతినే రుజువు చేశారు: ఒకే శుద్ధ వంశంలోని (ఒకే మొక్క నుంచి తన పుప్పొడితోనే తరతరాలుగా వచ్చిన) గింజల్లో పెద్దవి విత్తినా చిన్నవి విత్తినా సంతానపు గింజల సగటు బరువులో తేడా రాలేదు. కాబట్టి ఎంపిక కోతకు ముందే, చేలోనే మొదలు కావాలి. ఎంచుకున్న కంకి మంచిదో కాదో మరుసటి ఏడు దాని సంతానం సాలును చూసి తేల్చుకోవాలి.

ఎకరా దిగుబడి మూడు అంశాల గుణకారం: ఎకరంలో నిలిచిన మొక్కలు, కంకిలోని గింజలు, ఒక్కో గింజ బరువు. సాళ్ళ మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 15 సెంటీమీటర్లు ఉంటే ఎకరానికి సుమారు 60,000 మొక్కలు పడతాయి. కంకికి వెయ్యి గింజలు, వెయ్యి గింజల బరువు 28 గ్రాములు అనుకుంటే లెక్క ప్రకారం 16.8 క్వింటాళ్ళు రావాలి. ఈ మూడింటిలో ఒకటి పెంచబోతే మరొకటి తగ్గడం తరచూ జరుగుతుంది. గింజ లావు మీదనే దృష్టి పెట్టి ఏరితే కంకిలో గింజల సంఖ్య తగ్గవచ్చు. జొన్నలో దిగుబడి తేడాలకు ఎక్కువగా కారణమయ్యేది గింజల సంఖ్య. అది పైరు మొలిచిన నెల రోజుల నాటి నుంచి పూత వరకు ఉన్న కాలంలో నిర్ణయమవుతుంది. గింజ బరువు పూత తర్వాతి రోజుల్లో తేలుతుంది. అయితే తల్లి నుంచి పిల్లకు నమ్మకంగా దిగే గుణాల్లో గింజ బరువు, మొక్క ఎత్తు, పూతకు పట్టే రోజులు ముందుంటాయి. ఒక్క మొక్క ఇచ్చిన మొత్తం గింజ తూకం ఈ విషయంలో బాగా వెనకబడుతుంది. అందుకే మొదటి ఏడు దిగుబడిని నేరుగా ఏరబోకుండా, దాన్ని నిలబెట్టే గుణాలను ఏరాలి.

ఏ గుణాలు చూడాలి

మొలిచిన రెండు వారాలకే చేలోకి దిగాలి. మొవ్వు ఈగ జొన్నకు తొలి నెలలోనే దెబ్బ తీస్తుంది. ఆకు అడుగున గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు మొవ్వులోకి దిగి దాన్ని తెంచేస్తుంది, మధ్య ఆకు ఎండి లాగితే ఊడి వస్తుంది. ఈ దశలో ఆకులు లేత పసుపు కలిసిన ఆకుపచ్చగా, నూనె రాసినట్టు మెరుస్తూ, నిటారుగా ఉన్న మొక్కలపై ఈగ గుడ్లు తక్కువగా పెడుతుంది. పొద్దున పూట సూర్యుడు ఏటవాలుగా ఉన్నప్పుడు చూస్తే మెరిసే ఆకు, మెరవని ఆకు స్పష్టంగా వేరుపడతాయి. ఆకు మీద కొన్ని నీళ్ళు చల్లితే మెరిసే ఆకుకు నీటి బొట్లు అంటుకుని నిలుస్తాయి. ఇలాంటి మొక్కలకు ఒక రంగు దారం కట్టాలి. పురుగుమందు చల్లిన చేలో ఈ తేడా బయటపడదు గనుక, విత్తనం ఏరే నేల చెక్కకు తొలి నెల మందు కొట్టకపోవడమే మంచిది.

రెండవది పూత సమయం, మన ప్రాంతంలో అన్నింటికన్నా జాగ్రత్తగా తూచవలసిన గుణం. పాత పచ్చ జొన్నలు పగటి పొద్దు తగ్గుతున్నప్పుడే పూతకు వస్తాయి. ఆ కారణంగా వానలు వెనకబట్టే రోజులకు గింజ ముదురుతుంది, బూజు తెగులు తప్పుతుంది. త్వరగా పూసే మొక్కలను ఏరితే బెట్ట తప్పించుకోవచ్చుననే ఆలోచన సహజమే, కానీ సెప్టెంబరు ముసుర్లలో గింజ పాలు పోసుకుంటే ఎంత పెద్ద కంకి అయినా నల్లబడి ధర పోతుంది. తేలిక చెల్కలో వేసేవారు చేను మొత్తం పూతకు వచ్చే సగటు రోజు కన్నా ఐదారు రోజుల లోపు ముందు పూసిన మొక్కలను తీసుకోవడం నా దృష్టిలో సరైన హద్దు. అంతకు మించి తొందరపడిన మొక్క ఎంత ఆకర్షణీయంగా ఉన్నా వదిలేయాలి.

కంకి రూపం విషయంలో గింజలు కిక్కిరిసిన ముద్ద కంకి కంటికి నిండుగా కనిపిస్తుంది. అయితే వాన నీరు దాని లోపల నిలుస్తుంది. కంకినల్లి, గొంగళిపురుగులు అందులోనే గూడు కడతాయి. మరీ విచ్చుకున్న కంకిలో గింజలు తక్కువ, పైగా పరాయి పుప్పొడి ఎక్కువగా పడుతుంది. కొమ్మల మధ్య గాలి ఆడేంత సందు ఉండి, చివరి కొమ్మ దాకా గింజ పట్టిన మధ్యరకం కంకే వానకాలానికి తగినది. కంకి కాడ చివరి ఆకు తొడుగు నుంచి పూర్తిగా బయటికి వచ్చి ఉండాలి. తొడుగులో ఇరుక్కున్న కంకి అడుగు గింజలు తేమకు చెడిపోతాయి. గింజను కప్పే పొట్టు పొడుగ్గా ఉంటే బూజు తగ్గుతుంది గానీ నూర్పిడి కష్టమవుతుంది, కాబట్టి గింజ సగం దాకా కప్పిన పొట్టు చాలు.

ఎత్తును తెగ్గోయడం మాత్రం వద్దు. పశువులున్న ఇంట్లో చొప్ప ధర గింజ ధరతో పోటీ పడుతుంది. మనిషి ఎత్తుకు మించి పెరిగినా కణుపులు దగ్గరగా, కాండం గట్టిగా ఉండి, గాలివానకు ఒరగని మొక్కను ఎంచుకోవాలి. ఆలస్యంగా కంకి వేసే పిలకలు ఎక్కువగా ఉన్న మొక్కను వదిలేయాలి. తల్లి కంకి ముదిరే సరికి వాటి గింజ పాల మీదే ఉంటుంది. నారాయణపేట, మక్తల్, ఆలంపూర్ వైపు నల్లరేగడిలో యాసంగి జొన్న వేసేవారికి లెక్క మారుతుంది. అక్కడ గింజ నిండే నాటికి నేలలో తేమ అయిపోతుంది గనుక, కింది ఆకులు చివరిదాకా పచ్చగా నిలుపుకుని, కాండం అడుగు నల్లబడి విరగని మొక్కే మొదటి ఎంపిక. మహారాష్ట్రలోని మోహోల్‌లో స్థానిక మాల్దండి జొన్న నుంచి ఏరిన ఎం 35-1 రకం యాసంగి జొన్నలో దశాబ్దాల పాటు నిలిచి ఉండటం ఇలాంటి ఎంపిక ఎంత దూరం తీసుకెళ్తుందో చూపుతుంది.

మొదటి ఏడు: గళ్ళు కట్టి ఏరడం

ఒకే సమయంలో పూసే వేరే జొన్న చేనుకు 200 మీటర్ల దూరంలో పది గుంటల చెక్క తీసుకోవాలి. హైబ్రిడ్ పంట నుంచి తీసిన విత్తనం దీనికి పనికిరాదు. దాని సంతానంలో గుణాలు విడిపోయి పోల్చడానికి వీలుండదు. ఒక్కో గుంటను నాలుగు గళ్ళుగా విభజించి మూలల్లో కర్రలు పాతితే నలభై గళ్ళు వస్తాయి. ఒక్కో గడి సుమారు ఐదు మీటర్ల చదరం. చేలో పల్లంగా ఉన్న చోట మొక్కలన్నీ బలంగా ఉంటాయి, రాతి పొర పైకి వచ్చిన చోట అన్నీ బక్కగా ఉంటాయి. చేను మొత్తంలో మంచివి ఏరితే పల్లం మొక్కలే చేతికి వస్తాయి. ఏ గడి మొక్కలను ఆ గడిలోని వాటితోనే పోలిస్తే నేల తేడా చాలావరకు తొలగిపోతుంది. గట్టు పక్క రెండు సాళ్ళను, పక్కన ఖాళీ ఉన్న మొక్కలను లెక్కలోకి తీసుకోకూడదు. నాలుగు వైపులా పొరుగు మొక్కలు ఉండి, వాటి పోటీలో నెగ్గిన మొక్కే ఎంపికకు అర్హమైనది.

గడికి ఐదారు మొక్కలకు దారం కట్టి, పూత తేదీని చీటీ మీద రాయాలి. జొన్నలో ప్రధానంగా స్వపరాగ సంపర్కమే (తన పుప్పొడితోనే గింజ కట్టడం) జరిగినా పక్క మొక్కల పుప్పొడి కొంత పడుతుంది. అందుకని కంకి బయటపడి పూత మొదలు కాకముందే కాగితపు సంచి తొడిగి, అడుగున కాడకు బిగించాలి. పూత కంకి కొసన మొదలై కిందికి దిగుతుంది. కొసన పూలు విచ్చుకుని ఉంటే ఆ భాగాన్ని కత్తిరించి తొడగాలి. అడుగు పూలు కూడా అయిపోయాక సంచి తీసేయాలి, లేకపోతే లోపల తేమకు బూజు, పురుగు చేరతాయి. ప్లాస్టిక్ సంచి ఎంతమాత్రం పనికిరాదు.

గింజ కంకికి అతుక్కునే చోట, దాని అడుగున నల్లటి మచ్చ కనిపిస్తే గింజ నిండడం పూర్తయినట్టు. అప్పుడు గడికి రెండు మూడు చొప్పున దాదాపు వంద కంకులు కోసి, దేనికది ఆరబెట్టి, దేనికది కొట్టి, విడి సంచుల్లో నంబరు వేసి దాచాలి. ఒక్కో సంచి మొత్తం బరువును, వంద గింజల బరువును చిన్న త్రాసుపై తూచి నోటు పుస్తకంలో ఎక్కించాలి. బూజు వాసన వచ్చినవి, పసుపు రంగు పాలిపోయినవి ఇక్కడే తీసేయవచ్చు.

రెండవ, మూడవ ఏడు

రెండవ వానకాలం ఒక్కో కంకి గింజను మూడు మీటర్ల పొడవున ఒక్కో సాలుగా చేత్తో విత్తాలి. ప్రతి పది సాళ్ళకు ఒక సాలు ఏరని పాత విత్తనం వేయాలి. వంద కంకులకు గుంటన్నర నేల సరిపోతుంది. చుట్టూ రెండు సాళ్ళ కంచె వేసుకోవాలి. పదిహేను, ఇరవై రోజులకు ఒత్తు తీసి సాలుకు ఇరవై మొక్కలు ఉంచాలి. ఒక్కో సాలుకు అరవై గింజలు చాలు, మిగిలిన గింజను తప్పకుండా దాచాలి.

ఈ ఏడు మొక్కను చూడకూడదు, సాలును చూడాలి. మొవ్వు చనిపోయిన మొక్కలెన్ని, సాలంతా నాలుగైదు రోజుల్లో పూసిందా, ఎన్ని ఒరిగాయి, పక్కనున్న పాత విత్తనపు సాలు కన్నా ఎంత మెరుగు అన్నవి రాసుకోవాలి. ఒకే సాలులో పొట్టివి, పొడుగువి కలిసి వస్తే తల్లి మొక్క సంకరమని అర్థం; ఆ సాలును పక్కన పెట్టాలి. పది మంచి సాళ్ళను గుర్తించి, మూడవ ఏడు వాటి దాచిన గింజనే వాడాలి. రెండవ ఏడు సాళ్ళలో పుప్పొడి కలిసి ఉంటుంది గనుక వాటి గింజ దీనికి పనికిరాదు.

దిగుబడిని తూచవలసింది మూడవ ఏడే. పది రకాలను, పాత విత్తనాన్ని నాలుగు సాళ్ళ మడులుగా మూడు చోట్ల, ప్రతి చోటా వరుస మార్చి వేయాలి. మధ్య రెండు సాళ్ళ గింజను, ఎండిన చొప్పను వేరుగా తూచి మూడు మడుల సగటు తీయాలి. ఒక మడిలో మొదటి స్థానం వచ్చి మిగతా రెండింటిలో వెనకబడిన రకం కన్నా మూడింటిలోనూ రెండో మూడో స్థానంలో నిలిచిన రకమే మన వానల తీరుకు ఆధారపడదగినది. ఈ దశలో ప్రతి రకం పిండితో రొట్టె చేయించి చూడాలి. వేడి నీళ్ళతో కలిపిన ముద్ద చేత్తో తట్టేటప్పుడు అంచులు పగలకుండా సాగుతుందా, కాలిన రొట్టె చల్లారాక కూడా మెత్తగా ఉందా అన్నది రోజూ రొట్టె చేసే ఆడవాళ్ళు ఒక్క ముద్దతోనే చెప్పగలరు. వారు వద్దన్న రకం ఎంత పండినా ఇంట్లో నిలవదు.

చివరికి మిగిలిన నాలుగైదు రకాల ఎత్తు, పూత సమయం దగ్గరగా ఉంటే వాటి గింజను సమానంగా కలిపి సాగు చేయడం ఒక్క రకం మీద ఆధారపడటం కన్నా క్షేమమని నా అభిప్రాయం. కొత్త రకంగా పేరు పెట్టి నమోదు చేయించుకోవాలనుకుంటే మాత్రం ఒక్క వంశాన్నే శుద్ధంగా నిలుపుకోవాలి. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం కింద రైతు తన రకాన్ని నమోదు చేయించుకోవచ్చు. బ్రాండు పేరు లేకుండా విత్తనాన్ని దాచుకోవడానికి, మార్చుకోవడానికి, అమ్మడానికి కూడా ఆ చట్టం హక్కు ఇస్తోంది. నమోదుకు ముందు నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానంలో గానీ, రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధనా సంస్థలో గానీ గింజను చూపించి సలహా తీసుకోవడం మంచిది. మూడేళ్ళ నోటు పుస్తకాన్ని కూడా వెంట తీసుకెళ్ళాలి.