టీనేజీ పిల్లలకు దవడ నొప్పి: కారణం ఇంట్లోనే వెతకడం ఎలా

గుంటూరులో పళ్ల డాక్టర్‌గా ప్రాక్టీస్ చేస్తున్నాను. మా క్లినిక్ చుట్టుపక్కలంతా ఇంటర్ కాలేజీలు, హాస్టళ్లే. సంక్రాంతి సెలవులయ్యి పరీక్షలు దగ్గరపడ్డాయంటే దవడ నొప్పి పిల్లలు ఎక్కువవుతారు. "చెవి పోటంటోంది, చెవి డాక్టరేమో చెవిలో ఏమీ లేదన్నారు." "నోరు తెరిస్తే టక్‌మంటోందట." "పొద్దున లేచేసరికి కణతలు లాగుతున్నాయంటాడు." తర్వాత అమ్మానాన్నలు అడిగే మొదటి మాట: ఏ పన్ను వల్ల డాక్టర్‌గారూ?

ఎక్కువమందిలో ఏ పన్నూ కారణం కాదు. అలవాట్లు, నిద్ర, టెన్షన్, ఎప్పటిదో దెబ్బ, పుట్టుకతో వచ్చిన ఒంటి తీరు, వీటిలో రెండు మూడు కలిసి దవడ మీద పడతాయి. వాటిని క్లినిక్‌లో పది నిమిషాల్లో పట్టుకోవడం కష్టం. బిడ్డతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లకు తేలిక.

ముందు దవడ కీలు ఎక్కడుందో చూడండి. చెవి రంధ్రానికి సరిగ్గా ముందు వేలు ఆనించి, నోరు మెల్లగా తెరిచి మూయమనండి. వేలి కింద గుండ్రటి ఎముక ముందుకు జారి మళ్లీ వెనక్కి వస్తుంది. దవడ కీలు తలుపు బందులా తిరగడమే కాదు, ముందుకు జారుతుంది కూడా. ఎముకల మధ్య చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది. అది కాస్త పక్కకు తప్పుకున్నప్పుడే ఆ టక్‌మనే శబ్దం. నొప్పి లేకుండా, నోరు పట్టేయకుండా శబ్దం ఒక్కటే ఉంటే వైద్యం అక్కర్లేదు. శబ్దం వస్తోందో లేదో చూద్దామని పిల్లలు పదే పదే నోరు తెరుస్తుంటారు, అది మాత్రం మాన్పించండి.

తర్వాత మూడు ప్రశ్నలు. స్వీడన్‌లో పళ్ల డాక్టర్లు మామూలు చెకప్‌లోనే వీటిని అడుగుతారు. వారానికి ఒకసారైనా కణతల్లో, ముఖంలో, దవడలో నొప్పి వస్తోందా? వారానికి ఒకసారైనా నోరు తెరిచినప్పుడు గానీ నమిలినప్పుడు గానీ నొప్పి పుడుతోందా? వారానికి ఒకసారైనా దవడ పట్టేస్తోందా? ఒక్కదానికి అవునన్నా దాటేయకండి. ఆ పైన, తన చేతి చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లను ఒకదాని మీద ఒకటిగా ముందు పళ్ల మధ్య నిలువుగా పెట్టుకోమనండి. మామూలుగా మూడూ పడతాయి.

పట్టకపోతే నేరుగా దవడ కీలుదే తప్పనుకోకండి. మన దగ్గర మగపిల్లల్ని, ఒక్కోసారి ఆడపిల్లల్నీ, తప్పకుండా అడగాల్సింది ఒకటుంది: వక్కపొడి, గుట్కా నములుతున్నారా? కారం తగిలితే నోరంతా మండడం, బుగ్గల లోపలి చర్మం పాలిపోయి బిరుసెక్కడం, నోరు రోజురోజుకీ తక్కువగా తెరుచుకోవడం, ఇవి వక్క తెచ్చే వేరే జబ్బు గుర్తులు. అది క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. తిట్టకుండా అడగండి, తిడితే చెప్పరు. పదిహేడేళ్లు దాటినవాళ్లలో జ్ఞానదంతం చుట్టూ చిగురు వాచినా, ఏ వయసులోనైనా గవదబిళ్లలు వచ్చినా నోరు తెరవలేరు.

ఇప్పుడు అసలు పని. ఒక నోట్‌బుక్ పెట్టి వారం పాటు నొప్పి ఎప్పుడు వస్తోందో రాయించండి. పొద్దున లేవగానే ఎక్కువగా ఉంటే రాత్రి పళ్లు కొరుకుతున్నారేమో చూడాలి. సాయంత్రానికి పెరుగుతుంటే పగలు పళ్లు బిగిస్తున్నారేమో చూడాలి. రాత్రి సంగతి పక్కన పడుకునే చెల్లికో, హాస్టల్ రూమ్మేట్‌కో తెలుస్తుంది. పళ్లు కొరికితే కడుపులో పురుగులున్నాయని మన పెద్దవాళ్ల నమ్మకం. నులిపురుగుల మాత్ర కాలేజీలో ఇస్తే వేసుకోనివ్వండి, మంచిదే. కానీ ఆ మాత్రతో పళ్లు కొరకడం ఆగిపోతుందని ఊరుకోవద్దు. నిద్ర చాలకపోవడం, రాత్రి పూట కాఫీ టీలు, మనసులో ఆందోళన, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు దాన్ని పెంచగలవు. మందు మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టర్‌కు చెప్పండి. గురక ఉంటే అదీ రాయండి.

పగటి సంగతి కనిపెట్టాలంటే చదువుకుంటుండగా, తనకు తెలియకుండా చూడాలి. ఆ మధ్య ఇంటర్ సెకండియర్ అమ్మాయి వస్తే, నోరు చూడకముందే పెన్నుల పౌచ్ తెరవమన్నాను. ప్రతి పెన్ను వెనకా పళ్ల గాట్లు. ఒక మూత నలిగి రేకులా అయిపోయింది. గోళ్లు చివరిదాకా కొరికేసి ఉన్నాయి. నోట్లో చూస్తే బుగ్గ లోపల, పళ్లు కలిసే చోట తెల్లటి గీత, నాలుక అంచుల మీద పళ్ల అచ్చులు. నొప్పి ఎడమవైపు. మంచం మీద బోర్లా పడుకుని, గడ్డాన్ని ఎడమ అరచేతిలో ఆనించి గంటలకొద్దీ చదువుతుందని వాళ్లమ్మ చెప్పింది. ఒక లెక్క ఇచ్చి చేయమన్నాను. రెండో లైనుకే దవడ మూల కండ ఉబ్బింది. వాళ్లమ్మ వేలు పెట్టి చూసి ఆశ్చర్యపోయింది. మీరూ ఇలాగే చూడండి.

ఇంకొన్ని సంగతులు నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. గడ్డం కింద పాత మచ్చ ఉందా? చిన్నప్పుడు మెట్ల మీద పడ్డ దెబ్బ కీలుకు తగిలి ఉండొచ్చు. మణికట్టు లోపలికి వంచి నొక్కితే బొటనవేలు ముంజేతి లోపలి వైపుకు ఆనుతోందా? కీళ్లు అంత వదులుగా ఉండే పిల్లల్లో దవడ కీలు కూడా వదులుగా ఉండొచ్చు. యుక్తవయసు వచ్చాక ఈ నొప్పి ఆడపిల్లల్లో ఎక్కువ. తరచూ తలనొప్పి, మెడ నొప్పి, నడుము నొప్పి అనే పిల్లల్లోనూ ఎక్కువే. అలాంటి పిల్లని "దీనికి రోజుకో నొప్పి" అని విసుక్కోకండి. ఆ నొప్పులన్నీ నిజమైనవే.

క్లిప్పుల గురించి రోజూ అడుగుతారు. క్లిప్పులు ఈ జబ్బు తెస్తాయనీ తేలలేదు, పోగొడతాయనీ తేలలేదు. పళ్లు వంకరగా ఉంటే వాటి కోసం వేయించుకోండి. దవడ నొప్పి తగ్గడానికి క్లిప్పులు వేయాలన్నా, పళ్లు అరగదీయాలన్నా మాత్రం ఇంకో డాక్టర్‌కు చూపించాకే ఒప్పుకోండి. అరగదీసిన పన్ను మళ్లీ రాదు.

ఇంట్లో చేయాల్సింది చెబుతాను. పెదాలు కలిసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి, నాలుక కొన పై పళ్ల వెనక అంగిటికి తేలిగ్గా ఆనాలి. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్లు పళ్లకు తగలక్కర్లేదు. ఇది గుర్తుండాలంటే బొట్టుబిళ్లలు తీసుకుని ఫిజిక్స్ పుస్తకం అట్ట మీద, ఫోన్ వెనక, టేబుల్ లైటుకి అంటించండి. బిళ్ల కనబడ్డప్పుడల్లా దవడ వదులు చేయాలి. రెండు పూటలా గోరువెచ్చటి తడిగుడ్డతో పావుగంట కాపడం. రెండు వారాలు ఇడ్లీ, ఉప్మా, పప్పన్నం, పెరుగన్నం లాంటివి పెట్టండి. చెరకు గడ, మొక్కజొన్న పొత్తు, చెగోడీలు, చిక్కీ, బబుల్‌గమ్ వద్దు. జామకాయ కావాలంటే సన్నగా కోసి ఇవ్వండి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించుకోమనండి.

వీటన్నిటికంటే ముఖ్యం నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున నాలుగున్నరకు బెల్ కొట్టే హాస్టల్లో అది ఎక్కడ దొరుకుతుంది? ఫీజు కట్టేది మీరు, కాబట్టి వార్డెన్‌ని అడిగే హక్కు మీకుంది. ఒక్కరు అడిగితే వినరు, నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్లండి. దవడ బిగించే పిల్ల మనసులో ఏముందో కూడా తీరిగ్గా అడగండి. మీతో చెప్పలేకపోతే మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, టెలి మానస్ ఉచిత నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

కొన్ని గుర్తులుంటే రెండు వారాలు ఆగొద్దు. దెబ్బ తగిలాక పళ్లు మునుపటిలా కలవకపోవడం, తెరిచిన నోరు మూతపడకపోవడం, ఉన్నట్టుండి నోరు తెరుచుకోకపోవడం, జ్వరంతో వాపు, ఇలాంటివైతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో ఎవరూ దవడ లాగి సరిచేయబోవద్దు. గడ్డం నెలనెలకూ ఒక పక్కకు జరుగుతున్నట్టున్నా, పొద్దున్నే మోకాళ్లు, వేళ్లు కూడా బిగుసుకుపోతున్నా పిల్లల్లో వచ్చే కీళ్లవాతమేమో పరీక్ష చేయించాలి.

పళ్లు కొరికేవాళ్లు రాత్రి పళ్లకు తొడుక్కునే గార్డు ఆన్‌లైన్‌లో కొనకండి. పెరిగే దవడకు కొలత తీసి చేయించాలి, మధ్యమధ్య చూపించుకోవాలి. పెద్ద క్లినిక్కుల ఖర్చు భరించలేనివాళ్లు హైదరాబాద్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలకు వెళ్లి నోటి, దవడ జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ విభాగం ఎక్కడో అడగండి. వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్, పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. నొప్పి ఎలా ఉందో డాక్టర్‌తో మీరు కాకుండా మీ అబ్బాయినో అమ్మాయినో చెప్పనివ్వండి.