తిరుపతి–చిత్తూరు 70 కిలోమీటర్లు: ఆప్టికల్ రీసెర్చ్‌కి తొలి లింకు

ఎం.టెక్. చేస్తూ ఆప్టికల్ కమ్యూనికేషన్‌లో పీహెచ్‌డీకి పోదామనుకునేవాళ్లు ముందుగా అడిగేది టాపిక్. ఆ సంగతి తర్వాత చూడొచ్చు, ముందు ఒక లింకు (రెండు చోట్లను కలిపే ఫైబర్ దారి) పట్టుకోండి. తిరుపతి నుంచి చిత్తూరుకు రోడ్డు సుమారు 70 కిలోమీటర్లు. అంత పొడవున సింగిల్ మోడ్ ఫైబర్ (కాంతి ఒకే తీరున సాగే సన్నని గాజు తీగ) వేశామనుకుని, దారిలో కాంతి ఎంత తగ్గుతుందో కాగితం మీద లెక్క కట్టండి.

1550 నానోమీటర్ల వేవ్‌లెంగ్త్ దగ్గర నష్టం కిలోమీటరుకు 0.2 డీబీ (డెసిబెల్) చొప్పున 14 డీబీ. 4 కిలోమీటర్ల డ్రమ్ములైతే 17 జాయింట్లు, ఒక్కోటి 0.05 వేసుకుంటే 0.85. చివర్లలో రెండు కనెక్టర్లకు 0.6. ఇటు 0 డీబీఎం (ఒక మిల్లీవాట్) పంపితే అటు మైనస్ 15.5 దగ్గర రావాలి.

ల్యాబులో అంత పొడవు ఫైబర్ చుట్ట (స్పూల్) పెట్టి కొలిస్తే మైనస్ 20 వచ్చిందనుకోండి. మొదట పవర్ మీటర్లో వేవ్‌లెంగ్త్ 1550కే ఉందా చూడండి. తర్వాత 1310 దగ్గరా కొలవండి. అక్కడ లెక్క కిలోమీటరుకు 0.35. అదనపు నష్టం 1550 దగ్గరే ఎక్కువగా ఉంటే ఫైబర్ ఎక్కడో బాగా వంగింది. రెండింటా ఇంచుమించు ఒకేలా ఉంటే కనెక్టర్లో దుమ్ము. ఆకుపచ్చ ఏపీసీ కనెక్టరును నీలం యూపీసీ కనెక్టరుకు తగిలించినా ఇదే గతి: ఏపీసీ మొన 8 డిగ్రీలు వాలుగా ఉంటుంది, మధ్యలో గాలి సందు మిగులుతుంది.

స్ప్లైసింగ్ (రెండు ఫైబర్ మొనలను విద్యుత్ ఆర్క్ వేడితో కరిగించి అతకడం) చేతికి రావాలంటే వంద జాయింట్లయినా వెయ్యాలి. ష్రింక్ స్లీవ్ (జాయింటును కాపాడే గొట్టం) ముందే ఎక్కించండి. మర్చిపోతే అతికిందాన్ని మళ్లీ తెంపుకోవడమే. కోటింగ్ 3–4 సెంటీమీటర్లు ఒలిచి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కీచుమని చిన్న చప్పుడొస్తే శుభ్రమైనట్టే. ఆ తర్వాతే క్లీవ్, అంటే మొనను తిన్నగా కోయడం. క్లీవ్ చేసిన మొనను ఇక తుడవకూడదు, వేలు తగలనివ్వకూడదు. కోణం 1 డిగ్రీ దాటితే మళ్లీ కోయండి. కాంతి వెళ్లే మధ్య భాగం, కోర్, 9 మైక్రాన్లే, ఒంకర ఓర్చుకోదు. తెగిన ముక్కలు మూత డబ్బాలో వెయ్యండి, అరికాల్లో దిగితే కంటికి కూడా కనబడవు. అన్నట్టు, కింద సెట్ చేసిన స్ప్లైసర్‌ను తిరుమల కొండ మీదికి తీసుకెళ్తే ఆర్క్ కాలిబ్రేషన్ మళ్లీ చెయ్యండి. అక్కడ ఎత్తు 850 మీటర్ల పైచిలుకు, గాలి ఒత్తిడి మారితే ఆర్క్ వేడీ మారుతుంది.

ఇప్పుడు అదే లింకును పైథాన్‌లో కట్టండి. 32 గిగాబాడ్ (సెకనుకు 3,200 కోట్ల సింబళ్లు) క్యూపీఎస్‌కే, అంటే ఒక్కో సింబల్లో రెండు బిట్లు. ఫైబర్ లేకుండా, నాయిస్ ఒక్కటే కలిపి మొదలుపెట్టాలి: బిట్టుకు ఎస్ఎన్ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంత) 6.8 డీబీ అయినప్పుడు వెయ్యి బిట్లకు ఒక తప్పు రావాలి. నమ్మకం కలగాలంటే కనీసం వంద తప్పులు లెక్కపెట్టాలి, అంటే లక్ష బిట్లు. చాలామంది పదివేలకే ఆపేసి గ్రాఫ్ గీసేస్తారు, అది ఊగిపోతూ ఉంటుంది. తర్వాత డిస్పర్షన్ (వేర్వేరు వేవ్‌లెంగ్త్‌లు వేర్వేరు వేగాలతో వెళ్లి సిగ్నల్ పరుచుకోవడం) కలపండి. కిలోమీటరుకు 17 చొప్పున 70కి 1190 పికోసెకన్లు, ప్రతి నానోమీటరుకు. ఈ సిగ్నల్ వెడల్పు సుమారు 0.26 నానోమీటర్లు కాబట్టి ఒక్కో సింబల్ 300 పికోసెకన్ల దాకా పరుచుకుని, ఇంచుమించు పది సింబళ్ల మీద పడుతుంది. రిసీవర్లో వ్యతిరేక ఫిల్టర్ పెడితే తప్పుల రేటు మొదటి అంకెకే తిరిగి రావాలి. రాకపోతే నూటికి తొంభై సార్లు గుర్తే తారుమారయింది: డిస్పర్షన్ 17 అయితే, సమీకరణంలో దాని బదులు వాడే బీటా-2 విలువ మైనస్ 21.7. ఆఖర్న నాన్‌లీనియారిటీ (పవర్ పెరిగితే ఫైబర్ తీరు మారడం). స్ప్లిట్-స్టెప్‌లో (ఫైబర్‌ను చిన్న చిన్న అడుగులుగా విడగొట్టి లెక్కించే పద్ధతి) అడుగును సగం చేసి చూడండి. ఫలితం మారితే మొదటి అడుగు పెద్దదైనట్టు.

ఈ కోడు, రెండు గ్రాఫులు, కొలిచిన పట్టిక చేతిలో ఉంటే గైడుకు మెయిల్ రాయండి, ఒక్క పేజీ చాలు. ఏర్పేడు దగ్గరి ఐఐటీ తిరుపతి, ఎస్వీయూ దగ్గర్లోనే ఉన్నాయి; ఐఐటీ మద్రాసూ దూరం కాదు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఈలోపే లింకు పూర్తి చెయ్యండి. పీహెచ్‌డీలో చేరాక క్యాలెండర్‌కు రెండు మేకులు కొట్టుకోండి: ఆప్టికల్ కమ్యూనికేషన్ సదస్సులు రెండు, మార్చిలో ఓఎఫ్‌సీ, సెప్టెంబరులో ఈకాక్. ఓఎఫ్‌సీకి పంపేది మూడు పేజీలే, కానీ ఆ మూడు పేజీల వెనక కొలతలకు కనీసం ఆర్నెల్లు పడుతుంది. గడువుకు నెల ముందు ఆసిల్లోస్కోప్ ఖాళీ లేదని తెలిస్తే ఏ గైడూ ఏమీ చెయ్యలేడు.