గేలిక్ స్త్రీల పాట వినడం - 3వ పాఠం: గుడ్డ దంచేటప్పటి పాట

గేలిక్ అంటే ఐర్లండ్, స్కాట్లండ్‌ల సొంత భాషలు. పోయిన పాఠంలో ఇచ్చిన ఐర్లండ్ పాట దగ్గరే చాలామంది ఆగిపోయారు. తాళం వేద్దామని కూర్చుంటే రెండో చరణానికే చేయి తప్పిపోతోందన్నారు. ముందే చెప్పాల్సిన మాట నేను చెప్పలేదు. అది తేల్చుకున్నాకే కొత్త పాఠం.

ఆ పాట షాన్‌నోస్ పాట. షాన్‌నోస్ అంటే 'పాత పద్ధతి'. వాద్యం ఉండదు. ఈ పద్ధతిలో నెమ్మదిగా సాగే పాటలకు లెక్క కట్టిన తాళమూ ఉండదు. గాయని మాటను బట్టి సాగదీస్తుంది, ఊపిరిని బట్టి ఆగుతుంది. మన నాటక పద్యానికి రాగం తీస్తుంటే ఎవరైనా తాళం వేస్తారా? దీనికీ వేయకూడదు. దుఃఖం ఉన్న చోట గొంతు పెంచదు కాబట్టి గాయని చప్పగా పాడుతోందనుకోకండి. మొదటి చరణంలో లేని చిన్న గమకం మూడో చరణంలో వస్తుంది, దాని కోసం చెవి పెట్టండి. కొన్ని పాటల్లో చివరి ముక్కను పాడకుండా మామూలు మాటలా అనేసి ముగిస్తారు. రికార్డింగు తెగిపోయిందని కంగారు పడొద్దు.

ఐర్లండ్‌లో ఒక అలవాటుంది. వినేవాళ్లలో ఒకరు గాయని చేయి పట్టుకుని, పాట సాగినంతసేపూ నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతారు. మీరూ గాలిలో అలా సున్నాలు చుడుతూ ఆ పాట మళ్లీ వినండి. చేయి ఇక తప్పదు.

ఈసారి తాళం గట్టిగా ఉన్న పాటలు. స్కాట్లండ్ పడమటి దీవులైన బారా, సౌత్ యూయిస్ట్ లాంటి చోట్ల, మగ్గం మీంచి దిగిన ఉన్ని గుడ్డ దళసరిగా బిగియడానికి దాన్ని నిలవ మూత్రంలో తడిపి, బల్ల చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు దంచేవారు. గుడ్డను బల్లకేసి కొట్టడం, పక్కామెకి అందించడం, మళ్లీ కొట్టడం. అది సూర్యుడు తిరిగే వైపే తిరగాలి. ఆ చప్పుడే తాళం. వీటిని ఓరన్ లుయి అంటారు. ఒకామె చరణం అందుకుంటే మిగతా వాళ్లు పల్లవి పాడతారు.

అందరూ పడే గుంట ఈ పల్లవే. 'హో రో', 'హి రి రి' అని వినగానే అర్థం వెతకడం మొదలుపెడతారు. దయచేసి వెతకొద్దు. దంపుడు పాటలో 'సువ్వి' అంటే ఏమిటని మనం రోకలి ఆపి అడిగామా? అర్థం లేదు కదా అని నోటికొచ్చినట్టు పాడేదీ కాదు. చరణాల్లో ఒక పాట పంక్తులు ఇంకో పాటలోకి వచ్చి చేరతాయి, గుర్తున్నవి ఉంటాయి, లేనివి పోతాయి. పల్లవిలో మాత్రం 'హో' ఉన్న చోట 'హి' పాడితే వేరే పాట అయిపోతుంది. ఇది ఫలానా పాట అని గుర్తుపట్టేదే దాంతో. అర్థం లేని అక్షరాలే ఇక్కడ పాటకు పేరు. వాటిని 'లా లా లా' లాగా వదిలేస్తే మీరు సగం పాట విననట్టే. అనువాదం చూస్తూ వినేవాళ్లకు ఇదే జరుగుతుంది, పల్లవి వచ్చినప్పుడల్లా కాగితంలో ఏమీ ఉండదు గనక చెవి మూసేస్తారు. అనువాదం చివర్లో చదవండి. చప్పుడు అంత హుషారుగా ఉన్న పాటలో సముద్రంలో మునిగిపోయిన మనిషి కోసం ఏడుపు ఉందని అప్పుడు తెలుస్తుంది.

నా మటుకు నేను బ్యాండ్ రికార్డింగులతో మొదలుపెట్టను. కేపర్‌కేలీ అనే స్కాట్లండ్ బ్యాండ్‌లో పాడే కారెన్ మాథెసన్ గొంతు నాకు ప్రాణం, కానీ గిటారు, డ్రమ్స్ పక్కనుంటే బల్ల చప్పుడు వినపడదు. బారాలో 1928లో పుట్టిన ఫ్లోరా మక్‌నీల్ పాడినవి ముందు వినండి. తల్లి నుంచి, బంధువుల నుంచి నేర్చుకున్న పాటలు. దీవుల్లో సేకరించిన రికార్డింగులు టోబర్ అన్ దువల్‌హిస్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి.

అభ్యాసం: గుంపుగా పాడిన ఓరన్ లుయి ఒకటే తీసుకోండి. వారం రోజులు, రోజుకు రెండుసార్లు. తడి తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టి, చప్పుడుతో పాటు కొట్టండి. మొదటి రెండు రోజులు ఒంటి గొంతు ఎక్కడ ఆగుతుందో, గుంపు ఎక్కడ అందుకుంటుందో మాత్రమే పట్టుకోండి. మూడో రోజు నుంచి పల్లవిని తెలుగు అక్షరాల్లో రాయండి. అచ్చు పొట్టిదా, పొడుగుదా తేడా రావాలి. వినపడని చోట గీత పెట్టండి, ఊహించి నింపొద్దు. ఏడో రోజు పాట ఆపేసి, తువ్వాలు కొడుతూ పల్లవి ఒక్కటే ఇరవైసార్లు పాడండి. ఒక్క అక్షరం మారినా మొదటి నుంచి.