పెన్‌డ్రైవ్ లినక్స్‌లో వీడియో ఎడిటింగ్: నాకు కుదిరిన పద్ధతి

విండోస్‌ను కదపకుండా లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో వీడియోలు ఎడిట్ చేయాలని పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండానే) బూట్ చేసి, కెడెన్‌లైవ్ అనే వీడియో ఎడిటర్ వేసుకున్నాను. బాగానే నడిచింది. రీస్టార్ట్ చేయగానే సాఫ్ట్‌వేర్, ప్రాజెక్టు రెండూ మాయం! లైవ్ సెషన్‌లో చేసిన మార్పులు ర్యామ్‌లోనే ఉంటాయి మరి. పెర్సిస్టెన్స్ (మార్పులు పెన్‌డ్రైవ్‌లోనే నిలిచే ఏర్పాటు) పెట్టుకోవచ్చు గానీ, మామూలు పెన్‌డ్రైవ్ వేగం ఎడిటింగ్‌కు చాలదు.

అందుకే యూఎస్‌బీ 3 ఎస్‌ఎస్‌డీ కొని, దానిమీదే పూర్తిగా ఇన్‌స్టాల్ చేశాను. ఇక్కడ మాత్రం చాలా జాగ్రత్త! బయటి డిస్క్‌ను ఎంచుకున్నా, ఇన్‌స్టాలర్ బూట్‌లోడర్‌ను (ఆన్ చేయగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌ను) లోపలి డిస్క్‌లో పెట్టేసే అవకాశం ఉంది. అందుకని ముందే లోపలి డిస్క్ విప్పి పక్కన పెట్టాను. కాస్త శ్రమే అయినా మనసు నిశ్చింతగా ఉంటుంది.

తర్వాత చిక్కు ఫోన్ వీడియోలతో. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటు మారుస్తూ రికార్డు చేస్తాయి, దాంతో మాటకీ పెదవులకీ పొంతన తప్పుతుంది. అలాంటి క్లిప్ వేసినప్పుడు ట్రాన్స్‌కోడ్ (ఎడిటింగ్‌కు అనువైన రూపంలోకి మార్పు) చేయమంటారా అని కెడెన్‌లైవ్ అడుగుతుంది, ఒప్పుకోండి. ఫైలు పెద్దదవుతుంది, ఫర్వాలేదు. 4కే క్లిప్పులు ఆగి ఆగి నడుస్తుంటే ప్రాక్సీ ఆన్ చేయండి. ఎడిటింగ్ చిన్న కాపీతో సాగుతుంది, రెండర్ (తుది వీడియో తయారీ) అసలు ఫైలుతోనే అవుతుంది. నా పాత ల్యాప్‌టాప్‌కు ప్రాణం పోసింది ఈ సదుపాయమే.

తెలుగు టైటిళ్లకు రకరకాల అక్షరాలు కావాలంటే తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వేసుకోండి. ఫుటేజీ మోసే పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.